పాత ఇనుము, చిత్తుకాగితము, బడిపిల్లల పందెములు

మన ఇండ్లలో చదివిన పత్రికను పారవేయు అలవాటు లేదు. నెల గడచునప్పటికి అవి అటకమీదనో బీరువా క్రిందనో కట్టగా చేరును. పూర్వము ఇల్లాండ్రు ఆ కాగితములను నానవేసి, మెంతులతో కలిపి రుబ్బి, ఆ గుజ్జును చాటలకును గంపలకును మెత్తి ఎండబెట్టెడివారు. మిగిలినది పాత సామానులవాని తక్కెడకు పోయెడిది. వీధిలో వాని కేక వినబడగానే పిల్లలు కట్టలు మోసికొని పరుగెత్తుటయు, వాడు తూచునప్పుడు తక్కెడ ఎటు మొగ్గుచున్నదో అవ్వలు కన్నార్పక చూచుటయు మనలో చాలమంది ఎరిగినదే.

ఇప్పుడు ఈ పని బడులలోనికి వచ్చినది. ఏ తరగతి ఎక్కువ చిత్తుకాగితము తెచ్చును, ఏ తరగతి ఎక్కువ ప్లాస్టిక్ సీసాలు తెచ్చును అని పాఠశాలలలో స్నేహపూర్వకముగ పందెములు పెట్టుచున్నారు. కొన్ని యేండ్ల క్రిందట మేమెరిగిన యొక బడిలో ఇట్టి పందెము జరిగెను. పిల్లలు పది దినములు ఊరెల్ల గాలించిరి. ఏడవ తరగతికి బహుమానము వచ్చెను. అందరును చప్పట్లు కొట్టిరి. ప్రోగుచేసిన సరకు మాత్రము సైకిళ్ళ పాకలో అట్లే పడియుండెను. వానలు వచ్చినవి. కాగితపు కట్టలు తడిసి ముద్దలయ్యెను. సీసాలలో నీరు నిలిచి దోమలు పెరిగెను. “మేము తెచ్చినవి ఎప్పుడు తీసికొనిపోతారండీ, మాస్టారూ?” అని ఒక బాలిక పలుమార్లు అడిగెనట. ఆయనయొద్ద బదులు లేదు. ఆ ప్రశ్నయే మమ్ము ఇట్టి పందెముల చరిత్రను వెదకుటకు పురికొల్పినది. వెదకగా దానికి నూరేండ్లకు పైబడిన వయస్సున్నదని తెలిసినది. ఆ బాలిక అడిగిన ప్రశ్నకును ఇంచుమించు అంత వయస్సే కలదు.

మొదటి ప్రపంచయుద్ధకాలమున, 1917 శరత్కాలమందు, బ్రిటను దేశపు బడిపిల్లలను ఆయుధ మంత్రిత్వశాఖ ఒక వింత కోరిక కోరెను. చెట్లక్రింద రాలి మట్టిలో కలిసిపోవు హార్స్ చెస్ట్‌నట్ కాయలను ఏరి పంపవలెనట. అవి తినుటకు పనికిరావు. అక్కడి పిల్లలు వానిని దారమునకు గ్రుచ్చి, ఒకదానితో ఒకటి కొట్టి, ఎవని కాయ ముందు పగులునో యని ఆడుకొందురు. హండ్రెడ్‌వెయిటుకు, అనగా మన లెక్కలో సుమారు 50 కిలోలకు, 7 షిల్లింగుల 6 పెన్నీలు ఇత్తుమనిరి. కాయలు దేనికో చెప్పలేదు. తుపాకిమందుకు కావలసిన కార్డైటు తయారగుటకు అసిటోను అను ద్రవము అవసరము. పిండిపదార్థమునుండి దానిని తీయు పద్ధతిని ఛైమ్ వైజ్‌మన్ అను రసాయనశాస్త్రజ్ఞుడు కనిపెట్టియుండెను. ఈయనయే తరువాతి కాలమున ఇజ్రాయెలుకు మొదటి అధ్యక్షుడయ్యెను. తిండిగింజలకు కరవుగా నున్నందున గింజలకు మారుగా ఈ కాయలను వాడవచ్చునని ప్రభుత్వము తలచినది.

పిల్లలు ఏరిరి, ఎంతో ఏరిరి. సుమారు 3,000 టన్నులు కింగ్స్‌లిన్ పట్టణములోని కర్మాగారమునకు చేరినవి. ఇంకను ఎన్నో గుట్టలు, మోయుటకు బండ్లు చాలక, రైలు స్టేషనులలోనే క్రుళ్ళిపోయినవి. కర్మాగారము 1918 ఏప్రిలులో పని మొదలుపెట్టి, సాంకేతికమైన చిక్కులవలన జూలైలోనే మూతపడెను. ఇది పాత సామాను కథ కాదు గాని, బడిపిల్లల సేకరణమునకు ఇది తొలి పాఠము. పిల్లలు తమ పని తాము చేసిరి. వారి వెనుక నిలువవలసిన పెద్దల లెక్క తప్పినది.

రెండవ యుద్ధమునాటికి ఈ సేకరణములు ఇంటింటి పని అయ్యెను. దీనికి ముఖ్యసాధనము రేడియో యని చెప్పుటకు మాకు కొంత సంతోషముగ నున్నది. 1940 జూన్‌లో ఫ్రాన్సు పడిపోయినది. జూలై 10వ తేదీన, లార్డ్ బీవర్‌బ్రూక్ మంత్రిగానున్న విమానోత్పత్తి శాఖ బ్రిటిషు ఇల్లాండ్రను అల్యూమినియం పాత్రలు ఇమ్మని వేడెను. మహిళా స్వచ్ఛంద సేవాసంస్థ స్థాపకురాలైన లేడీ రీడింగ్ రేడియోలో స్వయముగ విన్నపము చేసెను. గిన్నెలు, కెటిళ్ళు, పిల్లల ఆటసామానులు కుప్పలుగా వచ్చి పడినవి. ఆ వారములలోనే అంగళ్ళలో కొత్త అల్యూమినియం పాత్రలు ఇంకను అమ్ముచుండుట చూచి, “మా పాత్ర ఎందుకు, అంగటివాని పాత్ర ఉండగా?” అని అడిగినవారు లేకపోలేదు. అడుగదగిన ప్రశ్నయే. వంటపాత్రల మిశ్రలోహము విమానములకు కావలసిన మేలురకమునకు సరితూగదనియు, ఆ సేకరణమువలన లోహముకంటె ప్రజలకు కలిగిన ధైర్యమే ఎక్కువ లాభమనియు తరువాతి చరిత్రకారులు వ్రాసియున్నారు.

ఆ స్వచ్ఛంద సేవాసంస్థయే బడిపిల్లలను “కాగ్స్” అను పేర దళములుగా చేర్చినది. కాగ్ అనగా చక్రపు పన్ను. పెద్ద యంత్రములో చిన్న పన్నువంటివారమని పిల్లల భావము. వారికొక బిళ్ళ ఉండెను, వారికొక పాటయు ఉండెను. ఆ పాట దేశభక్తిగీతమొకదానికి పేరడీ. అందు దేశమున్నచోట చెత్తబుట్టను నిలిపిరి. పిల్లలకు పనికిమాలిన గంభీరతకంటె ఇట్టి నవ్వే మేలని తోచినవా రెవరో తెలివైనవారై యుందురు. కాగ్స్ దళములవారు ఇల్లిల్లు తిరిగి కాగితము, గుడ్డపీలికలు, డబ్బాలు, ఎముకలు ప్రోగుచేసిరి. ఎముకలనుండి జిగురు, గ్లిసరిను, ఎరువు వచ్చును. 1942లో కాగితమును చెత్తతో కలిపి పారవేయుట నేరమని ఆజ్ఞయే వెలువడెను.

అట్లాంటిక్ ఆవలి ఒడ్డున ఇదే కథ మరింత పెద్ద పరిమాణమున నడిచెను. 1942 మొదటి నెలలలో జపాను మలయాను, డచ్చి ఇండీసును పట్టుకొనుటతో అమెరికాకు రబ్బరు, తగరము దాదాపు ఆగిపోయినవి. జూన్ 12న అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ రేడియోలో మాటలాడి, ఇండ్లలోని పాత రబ్బరును పెట్రోలు బంకులకు తెచ్చి ఇమ్మని కోరెను. పౌనుకు ఒక సెంటు ఇచ్చిరి. టైర్లు, చెప్పులు, తోట గొట్టములు, వానకోటులు వచ్చినవి. అధ్యక్షుని కుక్క ఫాలా తన రబ్బరు బొమ్మ ఎముకలను సమర్పించినట్లు పత్రికలలో పడెను. జూన్ 15నుండి నెలాఖరువరకు అనుకొన్న గడువు జూలై 10వరకు సాగినది. సుమారు 4,50,000 టన్నులు చేరెను. అయినను పాత రబ్బరును కరగించి చేసిన సరకు నాణ్యమున తక్కువ. అమెరికా రబ్బరు కరవును తీర్చినవి చివరకు కృత్రిమ రబ్బరు కర్మాగారములే. తగరముకొరకు మరొక నియమము వచ్చెను. పండ్లకు రుద్దుకొను పేస్టు కొత్తది కావలెనన్న పాత గొట్టమును అంగటివానికి ఇచ్చివేయవలెను. ఆ దేశపు పెద్దలలో కొందరు తమ చిన్ననాటి యుద్ధస్మృతులలో దీనినే ముందుగా చెప్పుదురు.

అసలు పందెమును కనుగొన్నది నెబ్రాస్కా రాష్ట్రము. పాత ఇనుము అంత అవసరమెందుకో మొదట చెప్పవలెను. ఆనాటి ఉక్కుకొలుములలో ముడి ఇనుముతో పాటు ఇంచుమించు సగము పాళ్ళు పాత ఇనుము పడవలెను. అది తక్కువైనచో కొలిమి చల్లారును. ఉక్కు కర్మాగారములు ఈ భయముతో నున్న వేసవిలో, ఒమాహా వరల్డ్-హెరాల్డ్ పత్రికాధిపతి హెన్రీ డూర్లీ రాష్ట్రమంతట మూడు వారముల పందెము ప్రకటించెను. కౌంటీకిని కౌంటీకిని పోటీ, సంఘమునకును సంఘమునకును పోటీ, పిల్లల దళములకు వేరుగా పోటీ. మొత్తము 2,000 డాలర్ల విలువగల యుద్ధబాండ్లు బహుమానము. ప్రతిదినము ఎవరు ముందున్నారో, ఎవరు వెనుకబడిరో ఆటల ఫలితములవలె పత్రికలో వేసిరి. పొలములలో తుప్పుపట్టిన నాగళ్ళు, పాత ట్రాక్టర్లు, ఇనుప మంచములు, చివరకు కచేరీల ముందు అలంకారముగా నిలిపిన పాత ఫిరంగులు సైతము గుట్టలలో చేరినవి. మూడు వారములు ముగియునప్పటికి 67,000 టన్నులు. తలకు లెక్కవేసిన 104 పౌనులు, అనగా చంటిబిడ్డతో సహా ప్రతివానికి 47 కిలోలు. 1943లో ఆ పత్రికకు ఈ పనికే పులిట్జర్ బహుమానము లభించెను.

ఈ ఏర్పాటును మేమెంతగానో మెచ్చుకొందుము, ఒక కారణమున. ఇక్కడ మొదట కొలిమి ఆకలి తెలిసినది, తరువాతనే పందెము పుట్టినది. ఏది కావలెనో, ఎవరు కొందురో, ఏ రైలులో పోవునో ముందే తెలియును. చెస్ట్‌నట్ కాయల విషయమున జరిగినదానికి ఇది సరిగా తలక్రిందులు.

ఆ శరత్కాలమున దేశములోని పత్రికలన్నియు నెబ్రాస్కా పద్ధతిని అనుసరించెను. బడిపిల్లలను చిన్న సైన్యముగా చేర్చుటకు యుద్ధోత్పత్తి సంఘము పుస్తకముల నచ్చువేసి పాఠశాలలకు పంపెను. ఒక పాత పారలోని ఇనుముతో నాలుగు చేతిబాంబు లగుననియు, ఒక పాత టైరులోని రబ్బరు పండ్రెండు విషవాయు ముసుగులకు సరిపోవుననియు ప్రకటనలు పిల్లలకు లెక్కలు నేర్పినవి. ఈ లెక్కలు వినుటకు ఇంపుగా నుండును గాని, పార చేతిలో పట్టుకొని నిలిచిన తొమ్మిదేండ్ల పిల్లవానికి అవి చేతిబాంబులుగా కనబడుట మాకు అంత ఇంపుగా లేదు. కొన్ని రాష్ట్రములలో అందరికంటె ఎక్కువ ఇనుము తెచ్చిన పాఠశాలకు, కొత్తగా కట్టిన సరకుల నౌకకు పేరు పెట్టు గౌరవము ఇచ్చిరి. ఏ బహుమానమైనను పిల్లలకు ఇంతకంటె పెద్దది దొరకునా?

డబ్బాల విషయము చిన్నదే యైనను చెప్పవలెను. ఆహారపు డబ్బాలను ఉన్నవి ఉన్నట్లు తీసికొనలేదు. కడుగవలెను, అంటించిన కాగితమును ఊడదీయవలెను, రెండు మూతలు కోసి లోపల పెట్టి, కాలితో త్రొక్కి చదునుచేయవలెను. అప్పుడే వానిమీది తగరపు పూతను విడదీయుటకు వీలగును. ఈ పనియంతయు ఎనిమిదేండ్లవారు చేయగలిగిరి. వారికిది ఆటయు అయ్యెను.

కాగితము మాత్రము మరల చిక్కు తెచ్చినది. 1942 మొదటి నెలలలో పాఠశాలలు, స్కౌటు దళములు తెచ్చిన కాగితము మిల్లుల సామర్థ్యమును మించిపోయెను. గోదాములు నిండిపోయినవి. ఇక తేవద్దని ప్రభుత్వమే చెప్పవలసి వచ్చెను. రెండేండ్లైనను గడువకమునుపే కరవు వచ్చినది. మరల పిల్లల తలుపులు తట్టిరి. 1944లో “పేపర్ ట్రూపర్లు” అను పేర పాఠశాలల దళములు బయలుదేరినవి. 1945 మార్చి, ఏప్రిలు నెలలలో వెయ్యి పౌనుల కాగితము తెచ్చిన ప్రతి స్కౌటుకు జనరల్ ఐసెన్‌హోవర్ పేర పతకము నిచ్చిరి. పిల్లలు మరల వచ్చిరి. ఒకసారి వద్దన్నవారిని మరల రమ్మని పిలుచుట ఎంత కష్టమో పాఠశాలలు నడిపినవారికి తెలియును.

ఇక మరల బ్రిటనుకు పోవలెను. ఏలనన, కాగితము పేర అక్కడ 1943లో జరిగినదానిని విడిచిన ఈ చరిత్ర సగమే యగును. ఆ యేడు ఊరూర పుస్తకముల సేకరణము జరిపిరి. పిల్లలకు తెచ్చిన పుస్తకముల లెక్కనుబట్టి సైనిక పదవు లిచ్చిరి. కొద్దిగా తెచ్చినవాడు సామాన్య సిపాయి. పైకి పోగా పోగా ఫీల్డ్ మార్షల్. అట్టముక్కతో చేసిన బిళ్ళయే ఆ పదవికి గుర్తు. ఇంతకంటె చౌకగా పిల్లలను పరుగెత్తింపజేయు ఉపాయము మేమెన్నడు వినలేదు. దేశమంతట 5 కోట్లకు పైగా పుస్తకములు వచ్చినవి.

పుస్తకము డబ్బా వంటిది కాదు. త్రొక్కి చదునుచేసినను తగరము తగరముగానే మిగులును. గుజ్జయిన పుస్తకము మరల రాదు. ఫీల్డ్ మార్షల్ కాగోరిన పిల్లవానికి తాతగారి అలమరలోని ప్రతి గ్రంథమును ఒక లెక్కయే. అందు ఒకే ప్రతి మిగిలిన ఊరి చరిత్ర ఉండవచ్చును. చేతివ్రాత దస్తావేజు ఉండవచ్చును. వాని కెట్లు తెలియును? ఇది గ్రహించినవారు ఉండుటచేత ఊరూర పరీక్షక సంఘములు ఏర్పడెను. గ్రంథాలయాధికారులు బల్లలముందు కూర్చుండి కుప్పలను చూచిరి. సైనికులకు పంపదగినవి ఒకవైపు, బాంబులకు కాలిన గ్రంథాలయములకు ఈయదగినవి ఒకవైపు, అపురూపమైనవి ఒకవైపు తీసి పెట్టిరి. ఈ విధముగ లక్షలకొలది పుస్తకములు రక్షింపబడినవి. అయినను అధికభాగము మిల్లుకే పోయెను. పోయినవానిలో పోగూడనివి ఎన్ని? అంతకుముందు సంవత్సరములలో పరీక్షయే లేక, కచేరీల దస్తావేజులు, సంస్థల పాత లెక్కలు బరువుక్రింద పోయినవని ఆ దేశపు దస్తావేజు రక్షకులు ఆనాడే మొరపెట్టిరి. ఏకరువుకు దొరకని నష్టము గనుక దానికి బహుమానపట్టికలో చోటు లేదు.

శాంతికాలము వచ్చిన తరువాత ఈ పందెములకు పట్టుగొమ్మయైనది సోవియట్ దేశము. మాస్కోలో అచ్చై మనకు చౌకగా వచ్చిన తెలుగు పుస్తకములు చదివినవారికి ఆ దేశపు పయొనీర్లు కొత్తవారు కారు. మెడలో ఎర్రని రుమాలు కట్టిన ఆ పిల్లలు తరగతికి తరగతి పోటీపడి పాత ఇనుమును, చిత్తుకాగితమును ప్రోగుచేసిరి. ముందుండవలెనను ఆత్రమున ఇంకను పనిచేయుచున్న ఇనుపసామానును సైతము ఈడ్చుకొనిపోవు పిల్లలను గూర్చి అక్కడ హాస్యకథలు పుట్టినవి. నవ్వులో నిజముండక పోదు. 1974లో ప్రభుత్వము మరొక తోవ త్రొక్కినది. 20 కిలోల చిత్తుకాగితము తెచ్చినవారికి ఒక చీటి ఇచ్చిరి. ఆ చీటి చూపిననే అంగడిలో దొరకని పుస్తకములను, అనగా అలెగ్జాండర్ డ్యూమా నవలలవంటివానిని, కొనుక్కొను హక్కు కలుగును. పుస్తకప్రియులు కాగితపు మూటలతో బారులు తీరిరి. బ్రిటనులో పుస్తకము కాగితమయ్యెను. ఇక్కడ కాగితము పుస్తకమయ్యెను. మాకు రెండవదే నచ్చినది.

మొదట చెప్పిన మన బడికి మరల వత్తుము. సైకిళ్ళ పాకను శుభ్రపరచుటకు కూలి ఇయ్యవలసి వచ్చిన తరువాత, ఆ ప్రధానోపాధ్యాయుడు మరుసటి యేడు పందెమే వద్దనుకొనెను. పిల్లలు ఊరకుండలేదు. అందుచేత ఆయన ఈసారి పందెము ప్రకటింపకముందే ఊరిలోని పాత సామానుల వర్తకుని బడికి పిలిపించెను. బడికి పిలిచి తనచేత మాటలాడించుట ఆ వర్తకునకు అదే మొదటిసారి. ఆయన ఒక సీసాను చేతబట్టుకొని, ఇది ఒక రకము, దీని మూత వేరొక రకము, దీనికి చుట్టిన కాగితమువంటి పొర ఇంకొక రకము, మూడును కలిసియున్న ధర తగ్గునని చూపెను. తడిసిన కాగితమునకు సగము వెలయైనను రాదనెను. చిరుతిండ్ల పొట్లముల లోపల వెండివలె మెరయు పొరను చింపి చూపి, ఇది ప్లాస్టిక్కును లోహమును కలిసిన అతుకుల బొంత, దీనిని నేను గాని నాకు పైనున్న వర్తకుడు గాని కొనము, తేవద్దనెను. ఒక పిల్లవాడు లేచి, “అయితే దానిని ఏమి చేయాలండీ?” అని అడుగగా, “ఆ సంగతి దానిని చేసినవాళ్ళను అడగాలి, బాబూ” అనెనట.

నియమములు ఆయన చెప్పినట్లే వ్రాసిరి. విడదీయని సరకును తూచరాదు. మూతలు ఒక సంచిలో, సీసాలు ఒక సంచిలో. పుస్తకములు వచ్చినచో వానిని మొదట గ్రంథాలయపు బల్లమీద పెట్టి, తెలుగు మాస్టారు చూచినపిమ్మటనే తక్కెడకు పంపవలెను. పందెము శుక్రవారమే ముగియవలెను; ఏలనన వర్తకుని లారీ ఆ ఊరికి వచ్చునది ఆ దినముననే.

ఆ యేడు గెలిచినది ఆరవ తరగతి. వారి సరకు నిరుడు గెలిచినవారి దానిలో సగము బరువైనను తూగలేదు. తెలుగు మాస్టారి బల్లమీద ఒక పాత పెద్దబాలశిక్షయు, అట్ట ఊడిన రెండు శతకములును మిగిలినవి. సాయంకాలము నాలుగు గంటలకు లారీ వచ్చినది. పిల్లలు గేటువద్ద నిలిచి, అది రోడ్డు మలుపు తిరుగువరకు చూచి ఇండ్లకు పోయిరి.